నీలం అట్ట నవల

“ఈ ముగింపు నాకు నచ్చలేదండీ,” అంటూ ఆవిడ పుస్తకం మూసి దిండు పక్కన పెట్టింది. “ఏళ్ళ తరబడి కనిపించకుండా పోయినవాడు, వీధి చివర కొట్టుకు వెళ్ళొచ్చినట్టు వచ్చి కూర్చుంటాడు. ఎక్కడికి పోయావురా అని ఇంట్లో ఒక్కరూ అడగరు.”

భర్త ఊఁ కొట్టాడు గానీ వినలేదు. ఆసుపత్రి గదిలో తలుపుకీ కిటికీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆవిడ గుండెలో వాల్వు మార్చాలి. పాతది తీసి కొత్తది వెయ్యడమే, మీ పనిలాంటిదే అన్నాడు డాక్టరు, ఆయన లిఫ్టు మెకానిక్కని తెలిసి. కొత్త పార్టు వేశాక కూడా మధ్యలో ఆగిపోయిన లిఫ్టులన్నీ ఆయనకు గుర్తొచ్చాయి. కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు పెన్ను జారి కింద పడితే నర్సే తీసి చేతిలో పెట్టింది.

“వదిన పైకి ధైర్యంగానే ఉంది, లోపల ఏముందో మనకేం తెలుసు? నువ్వే ఏదో మాటల్లో పెట్టి భయం తెలియకుండా చూసుకో అన్నయ్యా,” అని చెల్లెలు పొద్దున చెప్పి వెళ్ళింది. అప్పట్నుంచీ మాటల కోసం వెతుక్కుంటున్నాడు. ఒక్కటీ దొరకలేదు.

“ఏవండీ,” అంది ఆవిడ. “ఇంకో నవల తెచ్చిపెట్టరూ? లైబ్రరీలో కిటికీ పక్క బీరువా, కింది అర, నీలం అట్ట. దాని మీద ఎప్పట్నుంచో కన్నేసి ఉంచాను.”

“ఇప్పుడే కదా ఒకటి అయింది.”

“అయింది కాబట్టే. కాకపోతే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. మీరే చదివి వినిపించాలి.”

ఆయన జన్మలో నవల ముట్టినవాడు కాదు. ఆ ఇంట్లో నవలలన్నీ ఆవిడవే. పొద్దున ఒకటి ముగిస్తే సాయంత్రానికి ఇంకొకటి మొదలు కావాల్సిందే. ఒకసారి చదివింది మళ్ళీ తెరవదు. తెలిసిపోయిన కథతో ఏం పని అంటుంది. పైగా పదో పేజీలోనే చివర ఏమవుతుందో చెప్పేస్తుంది. ఎప్పుడూ గురి తప్పదు. అందుకే ఇంట్లో ఎవరైనా టీవీలో సినిమా పెట్టుకుంటే ముందు ఆవిడను వంటింట్లోకి పంపేస్తారు.

లైబ్రరీలో ఆవేళ తాత్కాలికంగా వచ్చిన కుర్రవాడెవరో ఉన్నాడు. ఆవిడ చెప్పిన చోటే నీలం అట్ట కనిపించింది.

మొదటి అధ్యాయం లిఫ్టులో అంటించే హెచ్చరికలు చదివినట్టే చదివాడు. రెండో దాంట్లో పై వాటాలో అద్దెకున్నవాడు మాయమయ్యాడు. భార్య వీధిన పడి ఏడుస్తోంది. ఆయన కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు.

“ఇంటివాడే చేసుంటాడు,” అంది ఆవిడ.

ఇంటివాడు కాదని మర్నాటికి తేలిపోయింది. అయితే వంటమనిషి అంది. వంటమనిషి అసలు ఊళ్ళోనే లేదు. అయితే ఆ పక్కింటి డాక్టరే, నాకు మొదట్నుంచీ అనుమానం అంది. అదీ తప్పే. ఆసుపత్రిలో అడుగు పెట్టాక ఆయన మొదటిసారి పగలబడి నవ్వాడు.

“ఇన్నేళ్ళు చదివిన చదువంతా ఏమైపోయింది?”

“మందుల మత్తండీ,” అంది ఆవిడ చిన్నబుచ్చుకుని.

ఆయన ఆ సంగతి నర్సుకు చెప్పాడు. చెల్లెలికి ఫోన్ చేసి, మీ వదినను నవల్లో పడేశాను, ఇక భయం ఊసే లేదు అని గొప్పగా చెప్పుకున్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు. కంటినిండా నిద్రపోయాడు కూడా.

ఆపరేషన్ రోజుకు ఆఖరి అధ్యాయం మిగిలింది. చదివేస్తానని ఆయన తొందరపడ్డాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

“అది నేను వచ్చాకే. ఈలోగా మీరు పేజీ తిప్పారని తెలిసిందో, ఊరుకోను.”

స్ట్రెచర్ లోపలికి వెళ్ళాక, పేజీల మధ్య బొటనవేలు పెట్టుకుని ఆయన బయట కూర్చున్నాడు. తలుపు వైపు చూడలేక పుస్తకం వైపు చూశాడు. ఎవరు దాచి ఉంటారు వాణ్ణి? తిప్పి చూడాలని వేళ్ళు లాగాయి. తిప్పితే ఆవిడ రాదేమోనని భయం వేసింది. భయానికీ కుతూహలానికీ మధ్య పొద్దు ఎలా గడిచిందో తెలియలేదు. తలుపు తీసుకుని డాక్టరు వచ్చి, అంతా బాగా జరిగింది అనగానే ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. చేతులు జోడించి, ఏదో అనబోయి, ఏడ్చేశాడు.

ఆవిడను గదికి మార్చిన రోజున ఆఖరి అధ్యాయం చదివాడు. మాయమైన మనిషిని దాచింది వాళ్ళావిడే. శత్రువుల నుంచి కాపాడుకోవడానికి దాచి, అందరి ముందూ ఏడ్చింది.

ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. “అమ్మ దొంగా. అస్సలు ఊహించలేదు సుమండీ.”

“చూశావా మరి? నేనిలా నవల్లో పెట్టకపోతే భయంతో సగమైపోయేదానివి.”

“నిజమేనండీ,” అని ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆయన దుప్పటి సర్ది, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంటికి వచ్చాక పుస్తకం తిరిగివ్వడానికి లైబ్రరీకి వెళ్ళాడు. ఈసారి కుర్రవాడు లేడు, లైబ్రేరియనమ్మే ఉంది. ఆమెకూ తన భార్యకూ చాలాకాలంగా స్నేహం. ఆపరేషన్ బాగా జరిగిందని చెబితే ఆమె ఎంతో సంతోషించింది. ఆయన నీలం అట్ట పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, ఇలాంటిదే ఇంకొకటి కావాలన్నాడు. ఎవరికని అడిగితే, కాస్త సిగ్గుపడుతూ, నాకేనన్నాడు.

“దీని ముగింపు మా ఆవిడకే అంతుపట్టలేదంటే చూడండి,” అన్నాడు.

లైబ్రేరియనమ్మ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన ముఖంలోకి వింతగా చూసింది.

“పోయినేడు దీన్ని చదవమని నాకు చెప్పింది ఆవిడే కదండీ.”