పక్క పడవకు సెగ

ఊరు మునిగాక మా పేటంతా గది పడవల్లోకి మారింది. పడవలు ఏట్లో పక్కపక్కనే కట్టుకుంటాం. నేను వాటికి ఏసీలు అమ్ముతాను. చల్లదనం ఊరికే రాదు. నా గదిలో తగ్గిన వేడి ఇంకెవరి గదిలోనో జమ పడాలి. మా పడవకు పెద్ద మిషను పెట్టినప్పుడు, దాని సెగ పక్కనున్న నూకరత్నం కిటికీకి కొడుతుందని తెలిసే పెట్టాను.

ఎండలు ముదిరేసరికి ఆమె పసిబిడ్డకు ఒళ్లంతా చెమటకాయలు. ఏసీ కోసం నా దగ్గరికే వచ్చింది. బేరం పోగొట్టుకోవడమెందుకని మాదాని లాంటి పెద్దదే చూపించాను.

"వద్దన్నయ్యగారూ, చిన్నది చాలు. ఏటి వైపు సందులో అదే పట్టుద్ది."

"ఇటు గోడకైతే పెద్దది పడుతుంది కదమ్మా?"

"ఇటెడితే సెగంతా మీ కిటికీలోకొచ్చేద్దండి. వదిన తట్టుకోలేదు."

"మాది కూడా ఏటి వైపు తిప్పించేస్తాలే," అన్నాను.

"ఇన్నాళ్లూ లేంది ఇప్పుడెందుకులెండి," అంది, నవ్వుతూనే.

చిన్న మిషను నేనే మోసుకెళ్లి ఆమె పడవలో దించాను. మా సెగ ముఖానికి కొట్టింది. బిడ్డ ఉయ్యాల మా వైపు నుంచి జరిపి, ఆ చివర తలుపు దగ్గర కట్టి ఉంది.