మణికట్టు కొలత

ఆ రోజు ఇంట్లో నేను, నాన్న, నానమ్మ, నాకు గోల్ఫ్ నేర్పుతున్న సరోజిని దీదీ ఉన్నాం.

“బంతి అందడం లేదు నాన్నా,” అన్నాను. దీదీ ఇచ్చిన పొడుగు క్లబ్‌ని నా కొలతకి కోసింది నాన్నే. చెన్నైలో సెలక్షన్‌కి మా దీవి నుంచి సాయంత్రమే షిప్పు ఎక్కాలి. నాకు ఇంకో క్లబ్ లేదు.

“ఇన్ని డింగీ పడవలకి తెడ్లు కోశాను, ఎప్పుడైనా కొలత తప్పిందా?” నాన్న టేపు తీశాడు.

“మణికట్టు నుంచి నేలకి కొలవండి భయ్యా. నువ్వు సీదాగా నిలబడు,” అంది దీదీ.

నిలబడ్డాను. మొన్నటికంటే రెండంగుళాలు ఎక్కువొచ్చింది.

“మూడ్రోజుల్లో అంత పెరిగిపోనావేటే?” అంది నానమ్మ.

పెరగలేదు. మొన్న దీదీ ఎదుట సిగ్గుతో వంగి నిలబడ్డాను. నాన్న ఆ వంగిన పిల్లకి సరిపోయేలా కోశాడు.

“తప్పు నాదే నాన్నా,” అని ఏడ్చేశాను.

నాన్న కోసిన ముక్క వెతికి తెచ్చాడు. “గొట్టం లోపల చెక్క దిగ్గొట్టి అతికిస్తాను. దెబ్బకి ఆగుద్దో లేదో తెలీదు.”

నన్ను గుమ్మం దాటించాడు.

“అయ్యేదాకా రోడ్డు మీద, అందరూ చూసేలా నిలబడు. వంగావో, మళ్ళీ కోసేస్తా.”

తలుపు మూసేశాడు.