దించని చెయ్యి

సిరిసిల్లలో అందరి మెడకూ బిళ్ల వచ్చాక జనం నోటితో మాట్లాడటం మానేశారు. మనసులో అనుకున్నదాన్ని బిళ్లే అవతలివాళ్లకు చేరవేస్తుంది. ఎవరూ నొచ్చుకోకుండా కాస్త మెత్తబరిచి మరీ చేరవేస్తుంది.

ఆసుపత్రిలో శ్వాసయంత్రం మీదున్న రాజవ్వ నుంచి కూతురు వనజకు నెలరోజులుగా అందేది ఒకటే కబురు: "మంచిగున్న బిడ్డా." డాక్టరుకూ అదే అందేది. మధ్యమధ్య తల్లి చెయ్యి పైకి లేస్తే, చలికి వణుకుతోందనుకుని వనజ దుప్పటి కప్పేది.

ఆ రోజు తల్లికి ఒళ్లు తుడవబోతూ, తడుస్తుందని తన బిళ్ల తీసి పక్కన పెట్టింది. కబురు ఆగిపోయింది. చెయ్యి లేచింది. ఈసారి వనజ దాన్ని చూసింది. రెండు వేళ్లు కలిసి విడిపోయాయి, అరచెయ్యి నిలబడింది. మరమగ్గాల చప్పుడులో మాట వినపడక, షెడ్డులో తల్లీకూతుళ్లు ఇరవయ్యేళ్లు వాడిన సైగ అది: పోగు తెగింది, మగ్గం ఆపు.

ఏళ్లుగా వాడని గొంతు పెగల్చుకుని వనజ అడిగింది. "బందు పెట్టమంటున్నవా అవ్వా?"

రాజవ్వ కళ్లతోనే అవునంది. చెయ్యి మాత్రం దించలేదు. షెడ్డులో అదే పద్ధతి: చూసినవాళ్లు తిరిగి చెయ్యెత్తేదాకా అడిగినవాళ్లు దించరు.

వనజ యంత్రం వైపు చూసింది. చాలాసేపటికి తన చెయ్యెత్తింది.

అప్పుడు దించింది రాజవ్వ.