బ్రెడ్డూ ఉప్పూ

"పోన్లే మామా, ఇప్పుడన్నా అక్కకు మంచిల్లు దొరికింది. ఇంతకుముందున్న ఇంటి ఓనరమ్మ సామాన్లు ఈదిలో పడేసినప్పుడు ఎంత ఏడ్సిందో!"

నోరు జారాక పౌలు నాలుక కరుచుకున్నాడు. కానీ మాట అప్పటికే దుర్గప్ప చెవిన పడింది.

నందవరం ఆటో స్టాండు అది. దుర్గప్ప కూతురు ఎస్తేరు జర్మనీలో నర్సు. అక్కడ ఆమెకు పెద్ద పెద్ద కిటికీలున్న ఇల్లు దొరికిందని ఆయన అప్పటిదాకా మేనల్లుడి ముందు గొప్పలు పోతున్నాడు.

"ఏమంటివిరా? సామాన్లు పడేసిందా?"

"ఏం ల్యా మామా..."

దుర్గప్ప ఆటో తాళం లాక్కున్నాడు. ఇక పౌలుకు చెప్పక తప్పలేదు.

"ఎండుచేపలు వండిందంట. ఆ వాసనకు వచ్చి, మీరెవురు, ఏమిటోళ్లు అని కూపీ లాగినారు. మనమెవురో తెలిసినాక ఒక్క పూట గూడా ఉండనీలేదు. వానకు పరుపంతా తడిసి ముద్దయిపోయింది మామా. నాయినకు సెప్పొద్దురా అనింది అక్క."

ఇంతలో ఎమ్మిగనూరు పోవాలంటూ జనం ఆటో ఎక్కేశారు. ఇదే సందని పౌలు తాళం గుంజుకుని బండి ఉరికించాడు.

దుర్గప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎమ్మిగనూరు గోడౌన్లలో మూటలు మోసి మోసి మెడ మీద కాయ కాచింది. ఆ మెడతోనే కూతుర్ని చదివించాడు. వాళ్ల ముసలోళ్ల ఒళ్లు తుడవడానికి మన పిల్ల కావాలి గానీ, వాళ్లింట్లో మన పొయ్యి వెలగకూడదా? దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరికే అన్నారా? తోలు తెల్లగుంటే సరిపోయిందా, లోపల మనిషి ఉండొద్దా?

ఆదోని బస్సు ఎక్కి కూడా తిడుతూనే ఉన్నాడు. పక్కనున్నాయన కాసేపు విని, లేచి వేరే సీటు చూసుకున్నాడు.

జర్మనీ పోకముందు ఎస్తేరు ఆదోనిలోనే ఒక నర్సింగ్ హోంలో పనిచేసింది. దుర్గప్ప నేరుగా అక్కడికే పోయాడు. కాంపౌండరు గిడ్డయ్య సంతోషపడ్డాడు. "ఎస్తేరమ్మ వస్తానంటే రేపే చేర్చుకుంటారు పెద్దాయనా" అన్నాడు.

పని కుదిరింది. ఇక ఇల్లు. పోయినసారి ఆ పిల్ల లేడీస్ హాస్టల్లో నీళ్ల పప్పు తిని పుల్లలా అయిపోయింది. ఇల్లు తీసుకోమ్మా అని ఎన్నిసార్లు పోరినా "వద్దు నాయినా, హాస్టలే సుఖం" అనేది. పిచ్చిది. ఈసారి ఆ మాట అననివ్వకూడదు.

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. నర్సింగ్ హోం వెనక సందులోనే ఆకుపచ్చ గేటు, గేటుకు అద్దె బోర్డు. వాకిట్లో కడిగి ముగ్గేశారు. లోపల ఒకావిడ బట్టలు ఆరేస్తోంది.

"ఇల్లు సూసేకి వచ్చినావా పెద్దాయనా? ఎండన పడి వచ్చినట్లుండావు. ఆ అరుగు మీద కూసో. నీళ్లు తెస్తా, అట్లే పైపోర్షన్ తాళం గూడా తెస్తా" అంటూ ఆవిడ లోపలికి పోయింది.

దుర్గప్ప కడుపు సగం చల్లబడింది. ఎంతైనా మనూరు మనూరే. మిగతా సగం మంట అట్లాగే పెట్టుకుని కూతురికి వీడియో కాల్ చేశాడు.

"సామాన్లు సర్దుకో. బయల్దేరి వచ్చెయ్."

"ఏమైంది నాయినా?"

"నాకంతా తెలుసు. పౌలుగాడు సెప్పినాడు. ఎండుచేపలు, వాన, పరుపు..."

ఎస్తేరు ముఖం పాలిపోయింది. "అది అయిపోయిన కత నాయినా. ఇప్పుడు నేను బాగుండా. మా ఓనరమ్మ హెల్గా సానా మంచిది. నేనీ ఇంట్లోకి వచ్చిన దినమే బ్రెడ్డూ ఉప్పూ తెచ్చి సేతికిచ్చింది."

దుర్గప్ప భగ్గుమన్నాడు.

"బ్రెడ్డా? జరమొచ్చినోళ్లకు పెట్టేది బ్రెడ్డు! ఉప్పు సేతికిస్తే పగ గదమ్మా! ఇంట్లో కాలు పెట్టకముందే కయ్యానికి పిల్సింది, నీకు తెలీలా!"

"అట్ల కాదు నాయినా. కొత్తింటికి వచ్చినోళ్లను ఈడ అట్లే పిలుసుకుంటారు. మొన్న ఎండుచేపలు వండితే ఆమె మెట్లెక్కి వచ్చింది. నేను భయపడి కిటికీలన్నీ తెరిసినా. ఆమె నవ్వి, నాకు పెట్టవా అని కూసుంది. కింది ఇంటోళ్లు గూడా వచ్చినారు."

"కతలు సెప్పొద్దు! మేము దిగులు పడతామని దాపెడతాండావు. దేశం గాని దేశంలో మనల్ని ఎవురు రానిస్తారు? ఆ బ్రెడ్డు వాళ్ల మొగానే కొట్టి రా. ఆదోనిలో పని సూసినా. ఇల్లు గూడా సూసినా. ఈయమ్మ నేను అడక్కముందే నీళ్లు తెస్తాననింది. మనోళ్లంటే ఇట్లుండాల. ఇదో, సూడు!"

ఫోను గేటు వైపు తిప్పాడు. ఆకుపచ్చ గేటు, వాకిట్లో ముగ్గు. ఒక చేత నీళ్ల చెంబు, ఒక చేత తాళాల గుత్తితో మెట్లు దిగి వస్తున్న ఆవిడ.

అవతల ఎస్తేరు గొంతు తగ్గించింది.

"నాయినా, ఆ నీళ్లు తాగొద్దు, లేసి వచ్చెయ్... నా సామాన్లు ఈదిలో పడేసింది ఆయమ్మే."