నువ్వు తెరిస్తే నేనూ తెరుస్తా

“ఆ బ్రష్షు నా నోట్లో పెట్టనివ్వను” అన్నాడు థౌంగ్ ష్వే, కిళ్లీ నములుతూనే.

పకొక్కు ఊరి బజారులో వాళ్లది చిన్న కిళ్లీ బడ్డీ. ఆకులకు సున్నం రాసేది ఆయన. పొగాకు నానబెట్టేది ఆయన భార్య న్వే యీ.

“క్లినిక్కులో బుగ్గ లోపల మెల్లగా రుద్దుతారంతే. అంటుకున్న కణాలను గాజు పలక మీద రాసి మైక్రోస్కోపులో చూస్తారు. కోతా లేదు, సూదీ లేదు” అంది ఆమె. “పడవ సరంగు మింట్ లాయ్‌ని చూశావుగా. క్యాన్సరని సగం దవడ తీసేశారు. ముందే చూపించుకుంటే అంతదాకా వచ్చేదా?”

“నా నోరు, నా ఇష్టం.”

“నీ నోరు పోతే నాతో పోట్లాడేదెవరయ్యా?”

ఆయన నవ్వాడు గానీ కదల్లేదు. ఐదు రోజులుగా ఇదే వరస. మొదటి రోజు నడుం నొప్పి అన్నాడు. మర్నాడు, మంగళవారం పుట్టినవాడు మంగళవారం వైద్యం చేయించుకోకూడదన్నాడు. ఆ తర్వాత ఏమీ అనకుండా పడుకున్నాడు.

ఆరో రోజు ఆమెకు కన్నీళ్లు వచ్చాయి. అప్పుడు మెత్తబడ్డాడు.

“ఒక్కణ్ణే పోను. నువ్వు తెరిస్తే నేనూ తెరుస్తా.”

“నాకెందుకు? నేనేమైనా నమిలేదాన్నా? పొగాకు నానిందో లేదో చూడ్డానికి చిటికెడు బుగ్గన పెట్టుకుంటానంతే.”

“అయితే మానేద్దాం.”

“నీకంటే పసిపిల్లలు నయం” అంటూ ఆమె గొడుగు అందుకుంది.

క్లినిక్కులో నర్సు మొదట న్వే యీనే కూర్చోబెట్టింది. బ్రష్షు తగలగానే ఎడమ బుగ్గ చుర్రుమంది.

“ఈ మధ్య కాస్త కారం తగిలినా ఇంతేనమ్మా. వయసు” అంది న్వే యీ.

నర్సు అక్కడున్న తెల్లటి మచ్చను చూసి చీటీ మీద రాసుకుంది. ఆయన్ని తెర వెనక్కి తీసుకెళ్లి కాసేపటికి పంపేసింది.

“గొడవ చేశాడా?”

“లేదు, బుద్ధిగా ఉన్నారు.”

పది రోజుల తర్వాత ఇద్దరూ మళ్లీ వచ్చారు.

“ఆయనకేమీ లేదు” అంది నర్సు. న్వే యీ గుండెల మీద చెయ్యి వేసుకుంది. “మీ కణాల్లోనే కొంచెం తేడా ఉంది. భయపడకండి. క్యాన్సర్‌దాకా పోయినట్టు లేదు. డాక్టరుగారు చిన్న ముక్క తీసి రూఢి చేసుకుంటారు, తర్వాత ఆ మచ్చ తీసేస్తారు. పొగాకు ముట్టకపోతే చాలు. మంచి సమయానికి వచ్చారు.”

న్వే యీ ఎడమ బుగ్గ తడుముకుంది. థౌంగ్ ష్వే నోట్లోని కిళ్లీ బయట ఊసేసి వచ్చాడు.

“రేపటినుంచి బడ్డీలో పొగాకు ఉండదు” అని మాత్రం అని, రిక్షా పిలవడానికి వెళ్లాడు.

“ఆయన మొండికేయబట్టి వచ్చానమ్మా. లేకపోతే ఈ గడప తొక్కేదాన్నే కాదు” అంది న్వే యీ.

నర్సు తల వంచుకుని ఇద్దరి పరీక్ష కాగితాలూ ఆమె చేతిలో పెట్టింది. న్వే యీ మడతపెట్టబోతూ ఆగిపోయింది.

ఆయన కాగితం మీద పరీక్ష తేదీ రెండు నెలల కిందటిది.