అత్యవసరమైతే ఈ నంబరుకు

నొప్పులనగానే మా ఆయన కారును గాలిలో ఎగరేసుకొచ్చారు. తీరా ఆపింది ప్రసూతి ఆసుపత్రి ముందు కాదు, మా పేట క్లినిక్కు ముందు. అదీ ఆదివారం మిట్టమధ్యాహ్నం. తలుపుకి ఇంత తాళం.

“ఇక్కడికెందుకు తెచ్చారండీ?”

“నువ్వు మాట్లాడకు. ఊపిరి పీల్చు!”

నన్ను కార్లోనే వదిలి పరుగెత్తి, తలుపు మీది బోర్డుని ఒప్పజెప్తున్నట్టు పైకే చదివారు. “సోమవారం నుంచి శనివారం వరకు... ఆదివారం సెలవు... చచ్చాం! ఆగాగు, అత్యవసరమైతే ఈ నంబరుకు... బతికాం!”

బోర్డుకి ముక్కు ఆనించి నంబరు నొక్కారు.

“డాక్టరుగారూ, మా ఆవిడకి నొప్పులండీ! నెలాఖరు దాకా భయం లేదన్నారండీ!”

“కంగారు పడకండి. ఎంతసేపటికోసారి వస్తున్నాయి?” అంది డాక్టరు.

“ఒక్క క్షణమండీ, కనుక్కుంటా.” అటు తిరిగే కేకేశారు. “ఏమోయ్, ఎంతసేపటికోసారి?”

జవాబు రాకపోయేసరికి ఇటు తిరిగారు. నా చెవి దగ్గర ఫోను చూసి అలాగే నిలబడిపోయారు.

పాపం, రోజూ నన్ను ఉద్యోగానికి దింపే చోటికే కంగారులో తెచ్చేశారు. ఈ క్లినిక్కు డాక్టర్లలో ఈ ఆదివారం పేషెంట్ల ఫోన్లు చూసే వంతు నాదే. మోగగానే అలవాటుకొద్దీ ఎత్తేశాను. నవ్వొస్తోందో నొప్పొస్తోందో నాకే తేలడం లేదు.

“ఆమెని వెంటనే ప్రసూతి ఆసుపత్రికి తీసుకెళ్ళండి,” అన్నాను.

“అలాగేనండీ, డాక్టరుగారూ,” అన్నారు నా కళ్ళలోకే చూస్తూ, ఇంకా ఫోన్లోనే.