ఐదు రంగుల రెక్కలు

లయనెల్ హెస్కెత్‌కు స్టిక్కర్లు అంటించేవాళ్ళంటే అసహ్యం.

"వాళ్ళు మోడళ్ళు చేసేవాళ్ళేమిటి? గోడలకు కాగితాలంటించుకునే బాపతు!" అనేవాడు, చర్చి హాల్లో బొమ్మ విమానాల క్లబ్బు వాళ్ళంతా కూడినప్పుడు, చివరి కుర్చీకి కూడా వినపడేలా.

మొదటి ప్రపంచయుద్ధంలో కొన్ని జర్మన్ విమానాల రెక్కల నిండా ఐదు రంగుల పలకలుండేవి. తేనెపట్టు గదుల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, పక్కపక్కన ఒకే రంగు రాకుండా. శత్రువు కంటికి విమానం ఆనకూడదని ఆకుపచ్చ, నీలం, ఊదా లాంటి మసక రంగులతో ఆ ఏర్పాటు. అరచేతిలో పట్టే మోడల్ మీద ఆ పలకలు వేయడమంటే బియ్యపు గింజ మీద పేరు రాయడమే. అందుకే అందరూ అచ్చువేసిన స్టిక్కర్లు తెచ్చి అతికించుకునేవారు. లయనెల్ మాత్రం ప్రతి పలకా కుంచెతో వేసేవాడు. స్టాక్‌పోర్ట్ ఊరు మొత్తం మీద అంతటి మొనగాడు ఇంకొకడు లేడు. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని తనే గుర్తుచేస్తుండేవాడు.

"ఏమిటోయ్ ఓగ్డెన్, నీ రెక్క నిండా బుడగలు! విమానానికి ఆటలమ్మ పోసిందా?"

క్లబ్బు కార్యదర్శి సిరిల్ ఓగ్డెన్ చెవులు ఎర్రబడేవి.  కానీ పోటీల్లో ఏటేటా కప్పు లయనెల్‌దే.

ఇంట్లో కిటికీ పక్క బల్ల దగ్గర పని. నుదుటికి భూతద్దం కట్టుకుని లయనెల్ ఇటు కూర్చునేవాడు. అటు అతని భార్య విన్నీ, ఉడికించిన గుడ్లు పెట్టుకునే చిన్న చిన్న గిన్నెల్లో రంగులు కలుపుతూ. రంగు కలపడం వంటింటి పని, కుంచె పట్టడం కళ. అది లయనెల్ సిద్ధాంతం.

"తర్వాతది."

ఆమె గిన్నె జరిపేది.

"తర్వాతది! నిద్రపోతున్నావా?"

"ఇదిగో."

"ఇన్నేళ్ళొచ్చాయి, ఐదు రంగుల వరస తలకెక్కదు నీకు."

ఆ వరస ఆమెకు కంఠతా వచ్చు. ఆ మాట మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆ వసంతంలో క్లబ్బు వాళ్ళు ఊరందరినీ టీకి పిలిచారు. కొత్తగా చేరిన మిస్ పెండిల్, బడిలో భూగోళం చెప్పి రిటైరైన ఆవిడ, లయనెల్ విమానాల ముందు చాలాసేపు నిలబడిపోయింది. తర్వాత విన్నీ వైపు తిరిగింది.

"ఎంత అందంగా ఉన్నాయండీ ఈ రంగులు! ఇందులో మీ చెయ్యి కూడా ఉందా?"

విన్నీ మొహం వికసించింది. "ఏదో కొద్దిగా..."

"ఆవిడ చెయ్యా!" మధ్యలోనే అందుకున్నాడు లయనెల్. "విమానానికీ చేపల బుట్టకీ తేడా తెలియని మనిషండీ. గిన్నెలు కడుగుతుంది. అదీ అంతంతమాత్రమే."

హాలంతా నవ్వింది. ఓగ్డెన్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ పూట వెక్కిరింత తన మీద పడనందుకు.

"నిజమేనండీ, గిన్నెలే కడుగుతాను," అంది విన్నీ. చేతిలో ఉన్న కప్పు మెల్లగా సాసర్‌లో పెట్టింది.

ఇంటికెళ్ళే బస్సులో ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. లయనెల్ దారి పొడుగునా జిల్లా పోటీ గురించే మాట్లాడాడు. ఈసారి రెక్కలతో ఆగడు. తోక, ఒళ్ళు, అంతా పలకలే. అది గెలిస్తే ఇక పోటీల్లో నిలబడే ఖర్మ ఉండదు. తీర్పు చెప్పేవాళ్ళ సరసన కుర్చీ వేస్తారు.

వేసవంతా ఆ ఒక్క విమానమే. విన్నీ రోజూ ఎదురుగా కూర్చుంది. మొహం ముడుచుకోలేదు, గొడవ పడలేదు. పైగా చురుకుదనం వచ్చింది. అతను "తర్వాతది" అనేలోపే గిన్నె చేతి దగ్గరుండేది.

"ఇన్నాళ్ళకి దారికొచ్చావు," అన్నాడు లయనెల్.

"ఆలస్యమైనా నేర్చుకున్నాన్లే," అంది విన్నీ.

పోటీ రోజుదాకా విమానాన్ని పరాయి కంట పడనివ్వలేదు. పెట్టెలోనే తెచ్చి, బల్ల మీద పెట్టి, అందరూ చుట్టూ చేరాక గుడ్డ తీశాడు.

 ఎవరో దగ్గారు. అంతలో ఓగ్డెన్ ఫక్కున నవ్వాడు. వెనకాల ఒకరి తర్వాత ఒకరు. మిస్ పెండిల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కుళ్ళుబోతు సంత, అనుకున్నాడు లయనెల్. గడ్డం ఇంకాస్త పైకెత్తాడు.

పెద్ద న్యాయనిర్ణేత విమానం చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "హెస్కెత్ గారూ, దీన్ని సరదా విభాగంలో పెట్టించమంటారా?"

"సరదానా? గీత దాటిన పలక ఒక్కటి చూపించండి! చూపిస్తే ఇంక జన్మలో కుంచె ముట్టను."

ఆయన భూతద్దం తీసి, వంగి, చాలాసేపు చూశాడు.

"గీత దాటింది ఒక్కటీ లేదండీ."

"మరి?"

ఆయన లయనెల్ మొహంలోకి చూశాడు. హాస్యమాడుతున్నాడేమోనని వెతికినట్టు చూశాడు. ఏమీ దొరకలేదు కాబోలు, తల దించుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

"గుడ్డి పీనుగులు!" పళ్ళు నూరాడు లయనెల్. విమానాన్ని మళ్ళీ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసుకున్నాడు. ఎక్కడా వంక లేదు. "నువ్వు చెప్పవే విన్నీ. ఎలా ఉంది?"

విన్నీ కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చూసింది.

"చాలా బావుంది లయనెల్. అచ్చం నేననుకున్నట్టే వచ్చింది."

ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తన కళ్ళకు తెలియదని లయనెల్ ఈ లోకంలో నమ్మి చెప్పుకున్నది ఆమె ఒక్కదానికే.